భారతి స్టేషన్‌లో చలికాలం గడపబోతున్న తమ్ముడికి

అడిగింది ఇది: "అన్నా, షాద్‌నగర్‌లో శాటిలైట్ డేటా రిసెప్షన్‌లో పని చేస్తున్నాను. ఈసారి అంటార్కిటికాలో ఉన్న మన భారతి స్టేషన్ వింటరింగ్ టీమ్‌లో నా పేరు వచ్చింది. మెడికల్ అయిపోయింది, ఉత్తరాఖండ్ కొండల్లో ఔలీ ట్రైనింగ్ ఇంకా ఉంది. మంచు ఇంతవరకు కళ్లతో చూడలేదు. ఆ చలి తట్టుకోగలనా? రెండు నెలలు సూర్యుడే రాడంటున్నారు, నిజమేనా? ఏం తీసుకెళ్లాలి? అలవాటు పడటానికి ఎన్నాళ్లు పడుతుంది? ఖాళీ టైంలో పోటీ పరీక్షకు చదువుకుందామనుకుంటున్నాను. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది."

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను తమ్ముడూ. నాది విశాఖ, పని జనరేటర్లు, కరెంటు. అంటార్కిటికాలోనే ఉన్న మన ఇంకో స్టేషన్ మైత్రిలో ఒక చలికాలం, కొన్నేళ్లు ఆగి భారతిలో ఇంకో చలికాలం గడిపాను. నువ్వు అడిగిన వరుసలో చెప్పను. ఎందుకంటే నువ్వు ఎక్కువగా భయపడుతున్నది అక్కడ అంత కష్టపెట్టదు, నువ్వు అసలు అడగనిదే కష్టపెడుతుంది.

ముందు చలి సంగతి తేల్చేద్దాం. స్టేషన్ లోపల చలి ఉండదు. భారతిలో కరెంటు తీసే ఇంజిన్ల వేడినే బిల్డింగ్ వెచ్చగా ఉంచడానికి వాడతారు, లోపల మామూలు చొక్కాతో తిరుగుతావు. బయట చలికాలంలో మైనస్ 25, మైనస్ 30 దాకా పడిపోయే రోజులుంటాయి, దానికి గాలి తోడైతే ముఖం మీద సూదులు గుచ్చినట్టు ఉంటుంది. కానీ పోలార్ సూట్, బూట్లు, గ్లవ్స్ అన్నీ వాళ్లే ఇస్తారు, వాటిని సరిగ్గా వేసుకోవడం వస్తే చాలు. మనలాంటి వేడి ఊళ్ల వాళ్లు చేసే తప్పు ఒకటుంది. భయంతో ఉన్న బట్టలన్నీ ఒకేసారి తొడుక్కుని పనికి దిగుతారు, పావుగంటలో లోపల చెమట పడుతుంది, పని ఆపి నిలబడగానే ఆ తడి చల్లబడి వణుకు మొదలవుతుంది. పని మొదలుపెట్టేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి, అప్పుడు సరిగ్గా వేసుకున్నట్టు. ఒంటికి ఆనుకునే బట్ట కాటన్‌ది వద్దు, అది తడి పీల్చుకుని అలాగే ఉంచుతుంది. ఉత్త చేత్తో ఇనుము ముట్టుకోకు. మన ముక్కు మీద చలికి చర్మం గడ్డకట్టి తెల్లమచ్చ పడితే మనకు తెలియదు, పక్కవాడే చూసి చెప్పాలి, అందుకే బయట ఇద్దరు ఉన్నప్పుడు మాటిమాటికీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. అలా మచ్చ పడితే రుద్దొద్దు, వెచ్చటి చేత్తో కప్పి లోపలికి వెళ్లిపోవాలి. నెల తిరిగేసరికి హిమాచల్ నుంచి వచ్చిన వాడికీ నీకూ తేడా ఉండదు. నా అనుభవంలో రెండుసార్లూ అంతే అయింది.

చలి కంటే పొడిగాలి విసిగిస్తుంది. పెదాలు పగులుతాయి, ముక్కులోంచి రక్తం వస్తుంది, తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కుమని షాక్ కొడుతుంది. నీ పని ఎలక్ట్రానిక్స్ కాబట్టి ఇది నీకు ముఖ్యం, సర్క్యూట్ కార్డు ముట్టుకునే ముందు ఎర్తింగ్ స్ట్రాప్ వేసుకోవడం షాద్‌నగర్‌లో ఒక్కోసారి మర్చిపోయినా గడిచిపోతుందేమో, అక్కడ గడవదు. కొబ్బరి నూనె సీసా, వ్యాజ్‌లిన్ డబ్బాలు ఎక్కువే పెట్టుకో. నీళ్లు దాహం వేయకపోయినా తాగుతూ ఉండు.

గాలి గురించి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. దక్షిణాన ఎత్తున ఉన్న మంచు పీఠభూమి మీద గాలి చల్లబడి బరువెక్కి, వాలు వెంట సముద్రం వైపు జారుతుంది. దానికి తుఫాను తోడైతే బ్లిజార్డ్. ఒక్కోసారి రోజుల తరబడి వదలదు, అప్పుడు చెయ్యి చాపితే వేళ్లు కనిపించవు. భారతి బిల్డింగ్ మొత్తం 134 షిప్పింగ్ కంటైనర్లు పేర్చి, మీద రేకు తొడుగు వేసి, స్తంభాల మీద నిలబెట్టింది. కింద నుంచి గాలి పోవడానికి, మంచు పేరుకోకుండా అలా కట్టారు. బ్లిజార్డ్ రాత్రి దాని చప్పుడు నీ మంచం దాకా వస్తుంది. మొదటిసారి నిద్ర పట్టదు, అది మామూలే. బయటికి వెళ్లాలంటే లీడర్ అనుమతి, రిజిస్టర్‌లో పేరు, చేతిలో వాకీటాకీ, పక్కన ఇంకో మనిషి. పది అడుగుల దూరమే కదా అని ఎవరన్నా వెళ్లబోతే చెయ్యి పట్టుకుని ఆపు, వాళ్లు నీకంటే పెద్ద ఆఫీసరైనా సరే.

ఇంక అసలు విషయానికి వస్తాను.

అంటార్కిటికాలో ఉద్యోగం చేయడానికి వెళ్తున్నానని నువ్వు అనుకుంటున్నావు. నేనూ మొదటిసారి అలాగే వెళ్లాను. అక్కడికి వెళ్లాక తెలిసింది, నా ఉద్యోగం రోజులో కొంత భాగమే, మిగతా రోజంతా ఇరవై చిల్లర మంది కలిసి ఒక ఇల్లు నడపడం. పనిమనిషి రాదు, ప్లంబర్ రాడు, చెత్తబండి రాదు. వంటవాళ్లు ఉంటారు, కానీ కూరగాయలు తరగడం, గిన్నెలు కడగడం, హాలు తుడవడం, బాత్రూమ్‌లు కడగడం వంతుల వారీగా అందరికీ పడుతుంది, సైంటిస్టుకీ డాక్టరుకీ మెకానిక్‌కీ. ఓడ వచ్చినప్పుడు సరుకు దించడం అందరిదీ. మంచు కప్పేసిన తలుపులు తవ్వడం అందరిదీ. ఈ పనులు ఎవరు ఎలా చేస్తున్నారో అందరూ చూస్తూనే ఉంటారు, ఎవరూ పైకి అనరు. నీ శాటిలైట్ పాస్‌లు (ఉపగ్రహం స్టేషన్ మీదుగా వెళ్లే విడతలు) నువ్వు ఒక్కటి కూడా వదలకుండా పట్టినా, నీ వంతు రోజున గిన్నెలు సరిగ్గా తోమకపోతే ఆ స్టేషన్‌లో నువ్వు కుదురుకోనట్టే. అలవాటు పడటానికి ఎన్నాళ్లు అన్నావు కదా, నేను చూసినంతలో వంటింట్లోకి పిలవకుండానే వెళ్లి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టిన వాళ్లు పది రోజుల్లో అలవాటు పడ్డారు, తన రూమూ తన ల్యాబూ తప్ప ఏదీ పట్టనివాడు పద్నాలుగు నెలలున్నా అతిథిలాగే ఉండిపోయాడు.

ఔలీలో ఐటీబీపీ (టిబెట్ సరిహద్దు పోలీసు) వాళ్లు ట్రైనింగ్ ఇస్తారు, తర్వాత గోవాలో మన ధ్రువ పరిశోధన సంస్థ ఎన్‌సీపీఓఆర్‌లో మిగతావి ఉంటాయి. ఔలీలో మంచు మీద నడక, తాళ్లు, టెంటులో పడుకోవడం నేర్పుతారు, అవి శ్రద్ధగా నేర్చుకో. దానితో పాటు, అక్కడ నీతో ఉన్న మనుషులను గమనించు. ఎవరికి ఆకలేస్తే కోపం వస్తుంది, ఎవరు పొద్దున్నే మాట్లాడరు, ఎవరు ఇంటి ఫోను వచ్చాక మౌనంగా అయిపోతారు, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. అక్కడ చలికాలం నడిమి జూన్‌లో అవే నీకు పనికొస్తాయి.

నువ్వు చేరేసరికి పాత టీమ్ అక్కడ ఏడాదికి పైగా ఉండి ఉంటుంది. హ్యాండోవర్ కొన్నాళ్లు నడుస్తుంది. వాళ్లు నీకు కొంచెం వింతగా కనిపిస్తారు. నెమ్మదిగా మాట్లాడతారు, మధ్యలో ఆగిపోతారు, మీరు పెద్దగా నవ్వితే చిరాకు పడతారు, మీలో ఎవరన్నా వాళ్లు రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుంటే ముఖం మారిపోతుంది. తప్పుపట్టకు. అది వాళ్ల ఇల్లు, మీరు ఒక్కసారిగా గుంపుగా వచ్చి పడ్డారు. వచ్చిన మొదటి వారంలోనే ఇది ఇలా ఎందుకు పెట్టారు, అది అలా ఎందుకు చేయలేదు అని అడగొద్దు. నోట్‌బుక్ పట్టుకుని వాళ్ల వెనక తిరుగు. ఏ స్పేర్ ఏ అరలో ఉంది, ఏ వాల్వు చలికి బిగుసుకుంటుంది, ఏ బ్రేకర్ ఊరికే ట్రిప్ అవుతుంది, ఇవి ఏ మాన్యువల్‌లోనూ ఉండవు, వాళ్ల నోట్లోనే ఉంటాయి. ఓడ వెళ్లిపోయాక అడగడానికి ఎవరూ ఉండరు. ప్రతి కేబుల్‌కీ లేబుల్ ఉందో లేదో ఆ రోజుల్లోనే చూసుకో, ఫోటోలు తీసి పెట్టుకో.

నీ పని గురించి నాకు తెలిసినంతలో చెప్తాను, అక్కడి మీ వాళ్లతో ఏడాది పాటు ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నాను కదా. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం రోజుకు పద్నాలుగు చుట్లు తిరిగితే షాద్‌నగర్‌కి కొన్నే కనిపిస్తాయి, భారతికి చాలా ఎక్కువ కనిపిస్తాయి, మీ డేటా రిసెప్షన్ యాంటెన్నా అక్కడ పెట్టిందే అందుకు. అంటే పగలూ రాత్రీ తేడా లేకుండా పాస్‌లుంటాయి, నిద్ర ముక్కలవుతుంది. అక్కడ పట్టిన డేటా శాటిలైట్ లింకు మీద తిరిగి షాద్‌నగర్‌కే వస్తుంది, అంటే నువ్వు ఇప్పుడు కూర్చునే హాలుకే. ఇస్రో నుంచి మంగళా మణి గారు 2016 నవంబర్‌లో వెళ్లి 403 రోజులు ఉండి వచ్చారు, అప్పటికి ఆవిడ వయసు యాభై దాటింది, ఆ టీమ్‌లో ఆవిడొక్కరే మహిళ. నీ చలి భయానికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. మైత్రిలో అయితే మన ఉప్పల్ ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల భూకంపాల అబ్జర్వేటరీ 1997 నుంచి నడుస్తోంది, ఆ పని మీద వెళ్లే వాళ్లలో తెలుగువాళ్లు తగులుతూనే ఉంటారు.

ఫిబ్రవరి చివరో మార్చిలోనో ఓడ వెళ్లిపోతుంది. ఆ రోజు గురించి నీకు ఎవరూ చెప్పి ఉండరు. అప్పటిదాకా హెలికాప్టర్ల మోత, క్రేన్లు, కొత్త ముఖాలు, డైనింగ్ హాల్లో కూర్చోవడానికి చోటుండదు. ఓడ కనుమరుగయ్యాక మధ్యాహ్నం భోజనానికి వస్తే సగం కుర్చీలు ఖాళీ. అందరం బయట నిలబడి చేతులూపి, లోపలికి వచ్చి, ఎవరి ప్లేటులోకి వాళ్లు చూసుకుంటూ తిన్నాం. మా వంటాయన ఆ రాత్రి సేమియా పాయసం చేశాడు, ఎవరూ అడగకుండానే. చుట్టూ సముద్రం గడ్డకట్టాక ఓడ రాలేదు, చలికాలంలో విమానం నడవదు, మళ్లీ అక్టోబరు, నవంబరు దాకా మనమే. ఆ రాత్రి కొంచెం భయం వేయడం సహజం. పక్కవాడితో చెప్పు, వాడికీ అలాగే ఉంటుంది.

చీకటి నిజమే, కానీ నువ్వు ఊహించుకున్నట్టు కటిక చీకటి కాదు. భారతి 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటి ఉంది, సూర్యుడు మే చివర్లో మునిగితే మళ్లీ జూలైలోనే అంచు మీదికి వస్తాడు. ఆ రోజుల్లో కూడా మిట్టమధ్యాహ్నం కాసేపు మన ఊళ్లో తెల్లవారుజామున ఉన్నట్టు వెలుగు వస్తుంది, ఉత్తరం వైపు ఆకాశం ఎర్రబడుతుంది. ఎంత పని ఉన్నా ఆ టైంలో కిటికీ దగ్గరికి వెళ్లు, వాతావరణం ఒప్పుకుంటే బయటికి వెళ్లు. మిగతాదంతా గడియారం మీద బతకడమే. నీ షిఫ్టు ఎలా ఉన్నా ఒక్క భోజనం మాత్రం రోజూ అందరితో కలిసి చెయ్యి. చీకట్లో మనిషికి తెలియకుండా నిద్ర రోజుకో గంట జరుగుతూ పోతుంది, రెండు వారాలకు మధ్యాహ్నం పడుకుని రాత్రంతా మేలుకునే స్థితికి వస్తాడు, అక్కడి నుంచి ఎవరితోనూ కలవడు. అలా జారిపోతున్న వాడిని టీ పేరుతోనైనా లేపి కూర్చోబెట్టాలి. డాక్టరు విటమిన్ డి ఇస్తే మానకుండా వేసుకో. అరోరా చూస్తావు, మొదటి రాత్రి ఎవరూ పడుకోరు, ఆకుపచ్చ తెరలు ఆకాశం ఒక చివర నుంచి ఇంకో చివరకి కదులుతుంటే నేను మెడ నొప్పెట్టేదాకా చూశాను.

జూన్ 21 మిడ్‌వింటర్, అక్కడి వాళ్లందరికీ అదే పెద్ద పండగ. అన్ని దేశాల స్టేషన్లూ ఒకరికొకరు గ్రీటింగ్‌లు పంపుకుంటారు. భారతికి దగ్గర్లోనే రష్యా వాళ్ల ప్రోగ్రెస్, చైనా వాళ్ల జాంగ్‌షాన్ ఉన్నాయి. దేశాల మధ్య ఎన్ని ఉన్నా అక్కడ పక్కింటివాళ్లు పక్కింటివాళ్లే.

పరీక్షకు చదువుతానన్నావు. పుస్తకాలు తీసుకెళ్లు, ఏప్రిల్, మే నెలల్లో చదవగలవు. జూన్ తర్వాత మాత్రం దాని మీద ఆశ పెట్టుకోవద్దు. చీకట్లో మనసు నిలవదు, ఒకే పేజీ మూడుసార్లు చదివినా ఎక్కదు, చెప్పబోయిన మాట మధ్యలో పోతుంది. నాకూ జరిగింది, అందరికీ జరుగుతుంది, వెలుగు వచ్చాక సర్దుకుంటుంది. సిలబస్ పూర్తి కావట్లేదని అక్కడ కూర్చుని కుంగిపోయినవాడిని చూశాను కాబట్టి చెప్తున్నాను. దాని బదులు చేతులతో చేసే పని ఏదన్నా నేర్చుకో. నేను ఒడియా వంటాయన దగ్గర రొట్టెలు చేయడం నేర్చుకున్నాను, మా మెట్ (వాతావరణం) ఆఫీసరు చెక్కముక్కలతో చదరంగం బల్ల చేశాడు.

ఇప్పుడు కష్టమైన మాట. మనుషుల మధ్య గొడవలు జూన్‌లో కంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎక్కువవుతాయి. సూర్యుడు వచ్చేశాడు కదా, ఇంక బాగుండాలి కదా అనుకుంటాం. కానీ సగం దాటిపోయి, చివర ఇంకా కనిపించని ఆ నెలలే బరువైనవి. ఏ స్టేషనో చెప్పను, ఒకసారి నేనూ ఇంకొకాయనా ఇరవై రెండు రోజులు మాట్లాడుకోలేదు. కారణం వర్క్‌షాప్‌లో ఆయన వాడిన స్పానర్ తిరిగి దాని చోట పెట్టకపోవడం. అంతే. నేను అందరి ముందూ గట్టిగా అన్నాను, ఆయన నా కంటే వయసులో పెద్ద. తప్పు నాది. ఇంట్లో అయితే బయటికెళ్లి టీ తాగి వస్తే చల్లారిపోయే కోపం అది. అక్కడ బయటికి వెళ్లడానికి లేదు, మూడు పూటలా అదే హాలు, అదే ముఖం. మా ఇద్దరి వల్ల మిగతావాళ్లు కూడా రెండు బల్లలుగా విడిపోయారు, అది చూసి కూడా నేను తగ్గలేదు. చివరికి ఒక రాత్రి నీళ్ల లైన్ గడ్డకట్టింది. పంపు ఆగి కాసేపు ప్రవాహం లేకపోతే చాలు, పైపు లోపలే బిగుసుకుపోతుంది. అందరం లేచి టార్చిలైట్లు పట్టుకుని పైపు పొడవునా వేడి పెడుతుంటే, ఆయన నా పక్కకే వచ్చి పైపు పట్టుకున్నాడు. తెల్లవారుజామున నీళ్లు కదిలాయి. అప్పుడు క్షమించండి అన్నాను. ఇరవై రెండు రోజుల ముందే అనాల్సిన మాట అది, ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది. నువ్వు మాత్రం ఏ గొడవనీ రాత్రి దాటనివ్వకు. అనాల్సింది ఆ మనిషితో విడిగా అను, అందరి ముందూ అనకు, ఇంటికి ఫోన్ చేసి చెప్పకు, ఎందుకంటే వాళ్ల ఇంటికీ మీ ఇంటికీ మాటలుంటాయి, అవి అటు తిరిగి ఇటు వస్తాయి.

ఇంటి సంగతి. శాటిలైట్ లింకు మీద ఫోను, ఇంటర్నెట్ ఉంటాయి, పాత రోజుల్లా లేదు. దానివల్ల మేలెంతో కష్టమూ అంతే. పాపకు జ్వరమని తెలుస్తుంది, తగ్గిందో లేదో తెలిసేలోపు లింకు పోతుంది. రాత్రంతా అదే ఆలోచన. వెళ్లే ముందే మీ ఆవిడతో కూర్చుని ఒక్కటి తేల్చుకో, చెడ్డ కబురు వస్తే చెప్పాలా వద్దా. మా టీమ్‌లో ఒకాయన వాళ్లమ్మ జూలైలో పోయారు. ఇంట్లోవాళ్లు చెప్పలేదు, అంత దూరంలో తట్టుకోలేడని. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ పడుకుంది, గుడికి వెళ్లింది అంటూ వచ్చారు. మూడు వారాలకు ఆయనకే అనుమానం వచ్చి గట్టిగా అడిగితే చెప్పారు. ఆయన ఏడ్చింది అమ్మ పోయినందుకు ఎంతో, ఆ మూడు వారాలూ తను అందరితో నవ్వుతూ పేకాట ఆడినందుకు అంత. అక్కడి నుంచి ఎవరూ రాలేరు, ఎంత పెద్ద కబురైనా రాలేరు, ఇది నువ్వూ మీ ఇంట్లోవాళ్లూ ముందే ఒప్పుకోవాలి. మా ఆవిడకు నేను చెప్పింది, ఏదైనా సరే అదే రోజు చెప్పు, దాచొద్దు అని. నువ్వు వేరేగా అనుకోవచ్చు, కానీ మాట్లాడుకోకుండా మాత్రం ఓడ ఎక్కకు. అమ్మ పోయిన ఆయనకు లీడరు గారు కొన్నాళ్లు ఏ డ్యూటీ వేయలేదు. నాలుగో రోజున ఆయనే వచ్చి వంటింటి డ్యూటీ నాకు వేయండి అని అడిగి వేయించుకున్నాడు. ఆ రోజు ఆయన తోమే గిన్నెలు తుడవడానికి ఎవరి వంతూ కాకపోయినా నలుగురం పక్కన నిలబడ్డాం.

పాపకు ఒకటి చెయ్యి. భారతిలో 2024 ఏప్రిల్‌లో పోస్టాఫీసు తెరిచారు. మన మొదటి స్టేషన్ దక్షిణ గంగోత్రిలో 1984లో, ఆ తర్వాత మైత్రిలో తెరిచారు, అంటార్కిటికాలో మనకది మూడోది. నెలకో కార్డు రాసి దాచు. అవి నీతో పాటే ఇండియాకి వచ్చినా పర్వాలేదు, పెద్దయ్యాక చదువుకుంటుంది.

ఆరోగ్యం గురించి ఒకటే మాట, పళ్లు. ఏ చిన్న పుచ్చు ఉన్నా ఇప్పుడే చూపించుకో. డాక్టరు ఉంటారు, కానీ పెద్ద ఆసుపత్రికి పంపే దారి చలికాలంలో ఉండదు. మైత్రికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న రష్యా స్టేషన్ నోవోలాజరేవ్‌స్కాయలో 1961 ఏప్రిల్‌లో లియొనిద్ రోగొజొవ్ అనే డాక్టరుకు అపెండిసైటిస్ వస్తే, ఉన్న డాక్టరు ఆయనొక్కడే కాబట్టి తన పొట్ట తనే కోసుకుని ఆపరేషన్ చేసుకున్నాడు, అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. ఆయన బతికాడు. మేం మైత్రి నుంచి ఆ స్టేషన్‌కి వెళ్లినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొచ్చేవాడు.

నా డిపార్ట్‌మెంటు కాబట్టి మంటల గురించి గట్టిగా చెప్తాను. అంటార్కిటికాలో చలి కంటే ప్రమాదం అగ్ని. గాలి పొడి, ఈదురుగాలి, ఆర్పడానికి నీళ్లు గడ్డ. 1982 ఏప్రిల్‌లో అప్పటి సోవియట్ వాళ్ల వోస్తోక్ స్టేషన్‌లో జనరేటర్ల షెడ్డు కాలిపోయి ఒక మనిషి చనిపోయాడు, మిగతావాళ్లు చలికాలం మొత్తం తాము తయారు చేసుకున్న పొయ్యిల దగ్గర ప్రాణాలు కాపాడుకున్నారు. 2012 ఫిబ్రవరిలో బ్రెజిల్ స్టేషన్ కాలి ఇద్దరు పోయారు. ఫైర్ డ్రిల్ బెల్లు రాత్రి రెండింటికి కొట్టినా సణక్కుండా లే. రూమ్‌లో సొంత హీటరు, పాత ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టకు. చార్జర్ ప్లగ్గులో వదిలేసి షిఫ్టుకి వెళ్లకు.

తీసుకెళ్లేవి. బియ్యం, పప్పు, పిండి, గడ్డకట్టించిన కూరగాయలు, మాంసం ఏడాదికి సరిపడా స్టేషన్‌లోనే ఉంటాయి, ఆకలి అనేది ఉండదు. తాజా కూరగాయలు మాత్రం ఓడ వెళ్లిన కొన్ని వారాలకే అయిపోతాయి, తర్వాత పచ్చిమిరపకాయ కలలోకి వస్తుంది. కందిపొడి, ఆవకాయ, గోంగూర, చింతపండు, ఇంగువ, కరివేపాకు పొడి, ఇవి సీలు వేసిన ప్యాకెట్లలో తీసుకో, ఏది పట్టుకెళ్లనిస్తారో గోవాలో అడిగి నిర్ధారించుకో. నీకు సరిపడా కాదు, అందరికీ రుచి చూపించేంత. మా ఆవకాయ జాడీ మూతతీసిన రోజున ఒక మణిపూర్ తమ్ముడు అన్నం మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఉగాది ఓడ వెళ్లిన కొద్ది రోజులకే వస్తుంది. వేపపువ్వు ఉండదు, చేదుకు మెంతులు దంచి వేశాం, మామిడికాయకు బదులు ఆమ్‌చూర్, బెల్లం, చింతపండు, ఉప్పు, కారం. ఇరవై మందికీ స్పూన్‌తో పెట్టి ఏ రుచి ఎందుకో హిందీలో చెప్పాను.

పెరుగు గురించి కూడా చెప్పాలి, తెలుగువాడివి కదా. పాలపొడితో పాలు కలిపి తోడు పెడతారు. ఆ తోడు ఏడాది మొత్తం ఆగకూడదు, ఒక్కరోజు మొత్తం ఊడ్చి తినేస్తే మళ్లీ తెచ్చుకోవడానికి పక్కిల్లు లేదు. మా దగ్గర ఒక గిన్నె ఫ్రిజ్‌లో విడిగా ఉండేది, దాన్ని చూసుకునే బాధ్యత నేను అడిగి తీసుకున్నాను. వెళ్లగానే ఆ గిన్నె ఎక్కడుందో, ఎవరు చూస్తున్నారో కనుక్కో. ఎవరూ చూడకపోతే నువ్వు తీసుకో.

బ్యాగులు, బూట్లు, జాకెట్ వెల్క్రో శుభ్రంగా దులుపుకుని వెళ్లు, గడ్డి గింజ ఒక్కటి అంటుకుని ఉన్నా అక్కడికి చేరకూడదు. 1991 మాడ్రిడ్ ప్రోటోకాల్ ప్రకారం మొక్కలు, మట్టి, పెంపుడు జంతువులు ఏవీ తీసుకెళ్లకూడదు, మనం పుట్టించిన చెత్త వేరు చేసి ఓడలో తిరిగి పంపాలి. మన దేశం 2022లో దీనికి చట్టం కూడా చేసింది. పెంగ్విన్ దగ్గరికి ఫోటో కోసం వెళ్లొద్దు. అదే నీ దగ్గరికి వస్తే కదలకుండా నిలబడు.

గోవాలో పోలార్ బట్టలకు కొలతలు అడుగుతారు. బూటు సైజు చెప్పేటప్పుడు మాత్రం మామూలుగా వేసుకునే సైజు చెప్పేయకు. మందపాటి మేజోళ్లు రెండు జతలు తొడుక్కుని, బూటు వేసుకుని, లోపల వేళ్లు కదుల్తున్నాయో లేదో చూసుకుని అప్పుడు చెప్పు. వేళ్లు బిగుసుకుపోయేలా ఉంటే ఒక సైజు పెద్దది అడుగు, సిగ్గుపడకు. ఔలీ నుంచి వచ్చాక ఇంకేమన్నా సందేహాలుంటే రాయి, చూస్తాను.